భోజనం తర్వాత చర్చలు

తొంభైల మొదట్లో మా మేనేజ్‌మెంట్ కళాశాల నన్ను పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీకి పంపింది. ఆవిరి ఘాటుకు మాస్క్ ఇస్తేగానీ పని చేయనన్నందుకు అక్కడ మల్లేశం అనే కార్మికుణ్ని తీసేశారు. యాజమాన్యం, యూనియన్ కూర్చుని ఆ సంగతి తేల్చుకునేటప్పుడు ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషిగా నేనుండాలి. తీర్పు చెప్పడం నా పని కాదు. మాట సజావుగా సాగేలా చూసి, ఒప్పుకున్నది మినిట్స్‌గా రాసి సంతకాలు పెట్టించాలి. నేను పాఠం చెప్పేదీ అదే: చర్చలు, నమ్మకం, నిర్ణయాలు.

ఒకప్పుడు నా దగ్గర శిక్షణకు వచ్చిన పర్సనెల్ మేనేజర్ ప్రసాదరావు చర్చలు తన ఇంట్లో పెట్టాడు, ముందు భోజనాలన్నాడు. యూనియన్ నాయకుడు నర్సింలుది ఆ పక్కనే ఉన్న లక్డారం ఊరు. గేటు దగ్గర మాట్లాడితే మైకు అక్కర్లేని మనిషి. ప్రసాదరావు భార్య నర్సింలుకు కొసరి కొసరి మటన్ వడ్డించింది. చేతులు కడుక్కుని కూర్చున్నాక, మల్లేశం విషయం నిదానంగా చూద్దాం లెండి అన్నాడు ప్రసాదరావు. నర్సింలు తలూపి ఊరుకున్నాడు.

నాకు అర్థం కాలేదు. అతన్ని వరండాలోకి తీసుకెళ్లి, ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"ఇప్పుడే ఆ అమ్మ చేతి బువ్వ తింటి సారూ. గదే ఇంట్ల కూసొని ఆయన మీద గట్టిగ ఎట్ల మాట్లాడాలె? మా దిక్కు గట్ల చెయ్యరు."

లోపలికొస్తే ప్రసాదరావు నవ్వుతున్నాడు. "మీరు క్లాసులో చెప్పిందేగా మాస్టారూ, ముందు నమ్మకం కుదరాలని."

నాకు ఒళ్లు మండింది. అక్కడ మల్లేశం ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. ఇక్కడ ఈయన అన్నం పెట్టి ఎదుటివాడి నోరు కట్టేసి, దానికి నమ్మకమని పేరు పెడుతున్నాడు, పైగా నా పాఠాన్ని సాక్ష్యంగా తెస్తున్నాడు. మినిట్స్ రాయనని, ఈ రోజు చర్చ జరగనట్టేనని చెప్పి లేచి వచ్చేశాను.

మర్నాడు ఇద్దరినీ ఫ్యాక్టరీ టైమాఫీసులో కూర్చోబెట్టాను. మంచినీళ్లు తప్ప ఏమీ తేనివ్వలేదు. నర్సింలుకు గొంతు తిరిగొచ్చింది.

"మల్లేశం జేసిన తప్పేంది? మాస్క్ అడిగిండు, గంతే గద. మీరైతే జెరసేపు ఆడ నిలవడ్తరా?"

ప్రసాదరావు మినిట్స్ కాగితం తన వైపు లాక్కున్నాడు. మల్లేశాన్ని తిరిగి తీసుకుంటామని, మాస్కులు ఇస్తామని సంతకం చేశాడు. ఆ ఫ్యాక్టరీ నన్ను మళ్లీ పిలవలేదు.

రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచ్‌కీ ఒకటే చెప్పాను. సంతకాలయ్యాక భోజనం పెట్టండి. ఎదుటివాడు ముందే పెడుతున్నాడంటే, ఏ ప్రశ్న మీ నోట రాకూడదనుకుంటున్నాడో చూసుకోండి. శిక్షణకు వచ్చిన మేనేజర్లు కొందరు ఈ మాటకు నొచ్చుకునేవారు. నొచ్చుకోనీ.