ఆమె నీరసం, నా నీరసం

మా యారాలికి గ్లూకోజు ఎక్కించిన రోజు నాకు కడుపు మండింది. యారాలంటే మా మరిది భార్య. సిరిసిల్ల పిల్ల, పెళ్లై కోరుట్లకు వచ్చి ఏడాది కూడా కాలేదు. మాది బీడీలు చుట్టే ఇల్లు. ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆమె చాట మీదే తల వాల్చి నిద్రపోయేది.

వాడకట్టు ఆర్‌ఎంపీ డాక్టరు ఇంటికే వచ్చి గోడ మేకుకు సీసా వేలాడదీశాడు. అత్తమ్మ పక్కన కూర్చుని కోడలి కాళ్లు పిసికింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చారు. "అయ్యో, పోరి ఎట్ల గుంజుకపోయింది!" అన్నారు. ఆ బ్రెడ్డును పాలలో ముంచి ఇచ్చింది నేను. మా దగ్గర సీసా ఎక్కితేనే మనిషికి బాగాలేదని ఇల్లు ఒప్పుకుంటుంది. ఆ సీసా నాకు కావాలి.

ఆమెకంటే నాలుగైదేళ్లే పెద్దదాన్ని. బోరింగు కొట్టి బిందె ఎత్తితే నాకు కళ్లకు చీకట్లు కమ్మేవి. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. బియ్యం చెరిగేటప్పుడు గుప్పెడు పచ్చిబియ్యం నోట్లో వేసుకోనిదే మనసు నిలిచేది కాదు.

"అత్తమ్మా, నాకు గూడ ఒక్క సీస పెట్టియ్యరాదు," అన్నాను.

"నీకేమైందే? బర్రె లెక్కున్నవ్! నువ్వు పంటె ఆకు ఎవ్వలు కత్తిరియ్యాలె?"

నా భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఆమె మొగుడు ఇంట్లోనే ఉండి, తల్లి వెంటపడి సీసాలు పెట్టించాడు. దానికీ కుళ్లుకున్నాను.

ఎన్ని సీసాలు ఎక్కినా ఆమె తేరుకోలేదు. మొహం ఉబ్బింది, జుట్టు ఊడింది. చివరికి అత్తమ్మ జగిత్యాలలో ఆడ డాక్టరుకు చూపిద్దామంది. తెలంగాణ కోసం బందులు నడుస్తున్నాయి, బస్సులు డిపోలు దాటడం లేదు. ఆటోలో ఆమెను పట్టుకుని కూర్చోవడానికి నన్ను వెంట తీసుకెళ్లారు.

డాక్టరమ్మ ఆమెను ఒక్కొక్కటే అడిగింది. నిద్ర సరిగ్గా పడుతుందా, నెలసరిలో ఎక్కువ పోతుందా, చలి ఎక్కువా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా, మనసులో ఏదైనా రంధి ఉందా. ఆమె జవాబు చెబుతుంటే నా జవాబులు నాలోపలే చెప్పుకున్నాను. నన్ను అంతవరకు ఎవరూ అన్ని మాటలు అడగలేదు.

"గ్లూకోజు శానసార్లు ఎక్కిచ్చినం మేడం," అంది అత్తమ్మ గొప్పగా.

"అది చక్కెర నీళ్లమ్మా. వయసు పిల్లలకు నీరసం ఊకెనే రాదు. రక్తం తక్కువుండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, షుగరుండొచ్చు, నిద్ర లేకనో రంధితోనో రావొచ్చు. పరీక్ష చెయ్యకుంట ఎట్ల తెలుస్తది?"

మధ్యాహ్నానికి తేలింది, ఆమెది థైరాయిడ్. చీటీ మీది మాటను ఆమే కూడబలుక్కుని చదివింది. నాకప్పుడు అక్షరం రాదు. ఇంగ్లీషు పేరున్న రోగం కూడా దానికే వచ్చిందనుకున్నాను.

లేవబోతూ ఆమె ఆగింది. "మేడం, మా అక్కను గూడ సూడున్రి. నాకన్న ఎక్కువ ఆయాసపడ్తది. సాటుకు పచ్చిబియ్యం బుక్కుతది."

నాకు కోపమొచ్చింది. నా రోగం బయటపడటానికి కూడా దాని నోరే కావలసి వచ్చింది.

డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఎప్పుడు తింటవమ్మా?"

"అందరు తిన్నంక."

"ఏం మిగుల్తది?"

"పులుసుంటది. లేకుంటే చాయ్ తాగి పంట."

నా రక్తం కూడా తీశారు. చాలా తక్కువుందని తేలింది. గోలీలు రాసి, అవి వేసుకునే వేళకు చాయ్ తాగొద్దని, పప్పు, ఆకుకూర కడుపునిండా తినమని చెప్పింది.

"రక్తం తక్కువ ఏ ఆడిదానికి లేదు మేడం?" అంది అత్తమ్మ.

"అందరికున్నంత మాత్రాన రోగం కాకుంట పోతదా?"

తిరిగి వస్తుంటే ఊరి బయట ఆటో ఆగింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో అన్నం. తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే వండుకుని తింటున్నారు, ఎవరినీ పోనివ్వడం లేదు. "దిగున్రి, తిని పోదురు," అన్నారు. ఆడా మగా ఒకే వరుసలో కూర్చున్నారు. అత్తమ్మ నాకు కళ్లతో సైగ చేసింది, వడ్డించేవాళ్లకు సాయం పొమ్మని. నేను యారాలి పక్కన చతికిలబడ్డాను.

వడ్డించే ఆయన ఆమె విస్తరిలో పప్పు రెండు గరిటెలు వేసి, నాకు ఒకటి వేసి ముందుకు పోబోయాడు.

"ఓ అన్నా, ఎనుకకు రా! నాకు గూడ గంతే పొయ్యి. నాకు రక్తం తక్కువున్నదట."

వరుసంతా తిరిగి చూసింది. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన వెనక్కి వచ్చి మరో గరిటె పోశాడు. నా విస్తరి, ఆమె విస్తరి పక్కపక్కన పెట్టి చూసుకుని, అప్పుడు కలుపుకున్నాను.