బ్లీచింగు దేవదానం నుయ్యి

మురమళ్ళ పక్కన పేటలో దేవదానం తాత వస్తున్నాడంటే మనిషి కంటే ముందు వాసన చెప్పేది. పంచాయతీ తరఫున నూతుల్లో బ్లీచింగు పౌడరు కలపడం ఆయన పని. ఆయన్ని చూస్తే కుక్కలు మొరగడం మానేసి తుమ్మేవి. బ్లీచింగుకి లొంగనిది లోకంలో లేదని తాత నమ్మకం. ఒకసారి ఎర్ర చొక్కా మీద మరక పడితే దానికీ అదే వేసి, తెల్ల చొక్కాతో పెళ్ళికెళ్ళి దొరలా కూర్చున్నాడు.

"ఈ టీలో నీ వాసన లేని రోజంటూ వస్తే, ఆ రోజు రెండు గ్లాసులు తాగుతానయ్యా," అనేది ఆయన భార్య సలోమి మామ్మ.

"ఆయ్, అలాగే తాగుదువుగాని. ముందు ఇది తాగు."

డెబ్బై తొమ్మిదిలో, వేసవి ముందర, పేట నూతి చేద చిల్లులు పడింది. సరిగ్గా అప్పుడే నారాయణమూర్తి గారి చేను గట్టు మీద ఎండ్రిను కొట్టి పారేసిన డబ్బా ఒకటి నిగనిగలాడుతూ తాత కంటబడింది. ఎండ్రిను పురుగులమందు, కడుపులోకి పోతే మనిషి దక్కడని ఆయనకి తెలుసు. కాని చేతిలో బ్లీచింగు ఉండగా భయమేమిటి? డబ్బా నిండా పౌడరు నీళ్ళు పోసి నానబెట్టి, కడిగి ఎండలో బోర్లించాడు. ఏళ్ళ తరబడి పౌడరు పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. అందుకని మామ్మ చేత వాసన చూపించాడు.

"మందు కంపేమైనా కొడతాందా?"

"నీ కంపే కొడతాంది. ఇంకోటి ఎలా తెలుస్తాదయ్యా?"

తాత పకపకా నవ్వి డబ్బాకి తాడు కట్టాడు.

కొత్త చేదతో మొదటి నీళ్ళు తోడింది మామ్మే. అక్కడే దోసిలి పట్టి తాగింది. ఇల్లు చేరేసరికి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. అమలాపురం ఆసుపత్రికని రిక్షా కట్టారు గాని, ముమ్మిడివరం దాటకముందే ప్రాణం పోయింది. ఆమె తర్వాత తోడుకున్నవాళ్ళు వాంతులతో బయటపడ్డారు.

మట్టి వేశాక తాత ఇంటికి రాలేదు. నూతి దగ్గరికి వెళ్ళాడు. వేసవికి కాలువల్లో నీళ్ళు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి. కట్టేస్తే పేటకి ఆ నుయ్యి తప్ప దిక్కులేదు. వేరే చేదతో ఉన్న నీళ్ళన్నీ తోడి పారబోశాడు. నూతి మీది తాటాకు కప్పు పీకేశాడు. ఎండ నిట్టనిలువుగా నీళ్ళలో పడే వేళకి రోజూ పౌడరు కలిపేవాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు నరసింహమూర్తి గారు సైకిలు దిగి చూశారు.

"ఏవోయ్ దేవదానం, పౌడరు పురుగుల్ని చంపడానికి గాని, మందుని చంపడానికా?"

"ఎండ తోడుంటేనోనండి? ఎండలో పౌడరు ఊరికే ఇగిరిపోతాదండి. మరి దేన్నో తినే కదండీ పోవడం?"

ఆయన వంగి నూతిలోకి చూశారు. "ఎండా క్లోరినూ కలిస్తే కొన్ని మందులు విరుగుతాయని చదివేను. ఎండ్రిను మొండిది. నీ నూతిలో ఏమవుతోందో నేను చెప్పలేనయ్యా."

దాంతో తాత కాలువలో పరిగె చేపపిల్లల్ని పట్టి నూతి నీళ్ళ కుండలో వదిలాడు. చచ్చిపోయాయి. ఇంకాస్త పౌడరు వేశాడు. మళ్ళీ వదిలితే మళ్ళీ చచ్చాయి. అప్పటికి కాలువ అడుగున బురద కనిపిస్తోంది. పేట ఆడవాళ్ళు బిందెలతో వచ్చి, కుండలోకి తొంగిచూసి ఖాళీ బిందెలతోనే వెళ్ళిపోయేవారు.

చివరికి మేనల్లుడు లాజరు, ఆసుపత్రిలో కాంపౌండరు, కుండ ముందు చతికిలబడ్డాడు.

"చేపల్ని చంపేది నీ పౌడరే మావా. అది ఆపితేనే గాని మందు పోయిందో లేదో తెలీదు."

"ఆపితే? మందు అలాగే ఉండిపోతే?"

"ఉంటే ఉందని తెలుస్తాది."

ఆ మాట వినడానికే తాత ఇన్నాళ్ళూ జడిసింది. బ్లీచింగు సంచి మూతి కట్టేసి, దాని మీదే కూర్చుని ఏడ్చాడు.

పౌడరు ఘాటు పూర్తిగా పోయాక మళ్ళీ పరిగె పిల్లల్ని వదిలారు. అవి బతికాయి, మర్నాడూ బతికే ఉన్నాయి. ఎండా పౌడరూ కలిసి మందుని విరిచాయో, తోడి పోసిన నీళ్ళతోనే పోయిందో ఎవరికీ తెలియదు. ముందు తాతే తాగి, తనకేమైనా అవుతుందేమోనని రెండు రోజులు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత బిందెలు వచ్చాయి.

ఆ పొద్దున తాత ఆ నీళ్ళతోనే టీ పెట్టుకున్నాడు. తన ముక్కుని నమ్మక లాజరు చేతికి గ్లాసిచ్చాడు.

"వాసనేమైనా ఉందేంట్రా?"

"ఏం లేదు మావా. కమ్మగా ఉంది."

తాత మామ్మ కూర్చునే చోట ఇంకో గ్లాసు పోసి పెట్టాడు. దాని పక్కనే మరొకటి పోశాడు. రెండూ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు.