ఎండలో తీయించిన ఫోటో

1983లో పుదుచ్చేరిలోని ఒక ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేసేవాణ్ని. ముత్తియాల్‌పేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేతకారుల కుటుంబం నుంచి సరోజ అనే ఆవిడ, ఏడేళ్ళ కూతురు వల్లిని తీసుకొచ్చింది. పిల్ల ముఖం, చేతుల నిండా నల్లమచ్చలు. బట్ట కప్పిన వీపు మాత్రం నున్నగా ఉంది.

అది జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ సోకితే ఎవరి చర్మంలోనైనా కణాల డీఎన్ఏ దెబ్బతింటుంది. కొన్ని ప్రోటీన్లు ఆ దెబ్బను వెదికి బాగుచేస్తాయి. వల్లిలాంటి పిల్లల్లో వాటిలో ఒకటి పనిచేయదు. దెబ్బ అలాగే ఉన్నచోట కణం తన జన్యువును సరిగా చదవలేదు. కొన్ని కణాలు చచ్చిపోతాయి. తప్పులతో బతికిపోయినవి క్యాన్సర్‌కు దారితీస్తాయి.

ఇదంతా మొదటిరోజే విద్యార్థులకు ఇంగ్లీషులో చెప్పాను. తల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమెకు మాత్రం ఆయింట్‌మెంట్ రాసిచ్చి, నెలకోసారి రమ్మన్నాను. ఈ జబ్బు మీద వైద్యపత్రికకు వ్యాసం పంపాలన్న తొందర నాది. గదిలో వెలుతురు చాలదని ఫోటోగ్రాఫర్ అంటే, పట్టపగలు పిల్లను ఆవరణలో నిలబెట్టించాను. అలా మూడుసార్లు. వచ్చిన ప్రతిసారీ ఓపీ చీటీ కోసం కూడా వాళ్ళు ఎండలోనే వరుసలో నిలబడేవారు. ఆ వరుసకు ఒక పందిరి వేయించాలని చర్మం డాక్టర్లం మాలో ఒక్కరికీ తోచలేదు.

నాలుగో నెలలో వల్లి కంటిలో కణితి కనిపించింది. కన్ను తీసేయాలని కంటి డాక్టర్లు అన్నారు. ఎండ తగలనివ్వకూడదని అప్పుడు చెప్పాను.

సరోజ గొంతు పెంచలేదు. "ఎండ పడదని మీకెప్పుడు తెలిసె సారూ?"

"మొదటిరోజే."

"మరి చెప్పలేదేంది? నూలు ఆరేసేదానికి దీన్ని దినామూ మిద్దె మీదికి పంపిస్తా ఉంటిని. ఫోటోకి ఎండలోకి తోలింది మీరే గదా. లోపలికి పోతానంటే, కదలకుండా నిలబడు కన్నా అంటిరి. మీ పిల్లయితే నిలబెడతారా?"

వల్లి తల్లి కొంగు లాగింది. "సారు చాక్లెట్ ఇచ్చినారు గదమ్మా. తిట్టొద్దు."

ముందే చెప్పినా ఆ కన్ను దక్కేది కాదేమోనని తోటి డాక్టర్లు నన్ను ఓదార్చారు. కావచ్చు. ఆ ఓదార్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ప్రోటీన్ నేను ఇవ్వలేనిది. పొడుగు చేతుల చొక్కా, గొడుగు, పొద్దు వాలాక ఆట అన్న నాలుగు మాటలు ఇవ్వగలిగినవి.

వ్యాసం అచ్చయింది. ఎండ నుంచి కాపాడుకోమని తల్లికి మొదట్లోనే సలహా ఇచ్చినట్టు అందులో రాశాను. ఎవరూ అడగలేదు, నేనూ దిద్దలేదు.

ఆ తర్వాత ఏ రోగి విషయమైనా, ముందు ఇంటివాళ్ళకు వాళ్ళ మాటలో చెప్పి, వాళ్ళకు అర్థమయ్యాకే విద్యార్థుల వైపు తిరిగేవాణ్ని. అంత చిన్న పని నేర్చుకోవడానికి నాకు ఒక పిల్ల కన్ను కావలసివచ్చింది.