నాన్న నడుం మీద నా పాదాలు

ఈమధ్య పలాసలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసరికే నాకు సంగతి అర్థమైపోయింది. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ కాగితంలో ముందుగా ఏ వరుస చూడాలో ఎవరూ నేర్పక్కర్లేదు కదా. కిడ్నీ ఇంకా పాడవలేదట గాని, ఇక మీదట అజాగ్రత్తగా ఉంటే ఎంతో కాలం నిలవదట. నొప్పి బిళ్ళ అన్నది నోట్లో పెట్టవద్దు, మందుల షాపతను బతిమాలి ఇచ్చినా సరే వద్దు, అంది. బాగానే ఉంది, మరి నా నడుం సంగతో? టెక్కలి వైపు బడికి బదిలీ అయి, రెండు బస్సులు మారి, రోజంతా నల్లబల్ల ముందు నిలబడ్డ కాలం నుంచీ ఈ నొప్పి నాతో కాపురం చేస్తోంది, కట్టుకున్నాయన కంటే నమ్మకంగా.

క్యాన్సరు రోగులకిచ్చే మత్తు రకం బిళ్ళ ఒకటుందటగా, పోనీ అదైనా రాయమ్మా అని సిగ్గు విడిచి అడిగాను. ఏళ్ళ తరబడి ఉండే ఇలాంటి నొప్పికి అది ఆట్టే పనిచేయదనీ, అలవాటైపోయి ఇంకా ఇంకా కావాలనిపిస్తుందనీ, ఉన్న నొప్పి పోకపోగా ఇంకో బాధ వచ్చి చేరుతుందనీ ఓపిగ్గానే చెప్పింది. వేడి కాపడం పెట్టుకోవాలట, రోజూ నడవాలట, ఒకేచోట కూలబడకుండా లేస్తూ ఉండాలట, ఆవిడ చూపించిన కసరత్తు మానకూడదట. పోనీ ఎవరైనా చిన్నపిల్లల చేత నడుం తొక్కించుకోనా అన్నాను. ఆవిడ అదిరిపడి, ఈ వయసులో ఎముక విరుగుతుందమ్మా, ఆ పని మాత్రం చేయకండి అంది. ఆ మాటతో మందస బస్సెక్కిన దాన్ని, దారి పొడుగునా నాన్న నడుమే తలచుకుంటూ కూర్చున్నాను.

మాకు కొబ్బరితోటా, దాని వెనక కాస్త జీడితోటా ఉండేవి. నాన్న చెట్లు తనే ఎక్కేవాడు, కాయలు తనే దింపేవాడు, దింపిన కాయల్ని కావిట్లో వేసుకుని రోడ్డు దాకా తనే మోసేవాడు. కూలివాణ్ణి పెట్టుకోమంటే ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చేది. సాయంత్రం ఒళ్ళు కడుక్కుని, వీధరుగు మీద చాప పరుచుకుని బోర్లా పడుకుని నన్ను కేకేసేవాడు. నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో నడుం తొక్కడం ఇంట్లో అందరికన్నా తేలికైన వాళ్ళ పని. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. గోడ పట్టుకుని ఆయన వీపు మీద ఎక్కి, అడుగులో అడుగు వేసుకుంటూ పైకీ కిందికీ నడిచేదాన్ని. 

"అక్కడ కాదే అమ్మీ, కాసింత కిందకి... ఎడం పక్కకి... ఆఁ, అక్కడే, అక్కడే తొక్కు" అనేవాడు. కొన్నాళ్ళకి ఆయన చెప్పక్కర్లేకుండానే నా మడమకు తెలిసిపోయేది. కావిడి మోసిన రోజు నొప్పి భుజం కింద ఉండేది, చెట్లెక్కిన రోజు నడుం అడుగున ముడిపడి ఉండేది. నేను దిగాక అమ్మ మూకుట్లో ఇసుక వేయించి, పాత పంచె గుడ్డలో మూట కట్టి, ముందు తన చేతి మీద ఆనించి చూసుకుని అప్పుడు పెట్టేది. అంత చేసినా నొప్పి పోయేదని కాదు. తెల్లారితే మళ్ళీ మామూలే. కానీ నాన్నకి ఇవాళ ఎక్కడ నొప్పిగా ఉందో ఇంట్లో ముగ్గురికీ తెలిసేది.

తర్వాత మా ఊరి కిరాణా కొట్లోకి నొప్పి బిళ్ళలు వచ్చాయి. అబ్బో, వాటికి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు! తోట పనికొచ్చినవాళ్ళకి టీ గ్లాసుతో పాటు బిళ్ళ కూడా చేతిలో పెట్టేవాళ్ళు. ఇవ్వని రైతుని పిసినారి అనేవాళ్ళు. చుట్టపు చూపుగా వచ్చినాయన మోకాలు పట్టుకుంటే చాలు, కొంగు ముడి విప్పి ఒకటి ఇచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. ప్రేమతోనే ఇచ్చేవాళ్ళు, పాపం, అందులో ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. ఒకరోజు సాయంత్రం నేను అలవాటుగా అరుగెక్కబోతే నాన్న చాప మీద లేడు, గోడకి ఆనుకుని బీడీ కాల్చుకుంటున్నాడు. "ఇంకొద్దులే అమ్మీ, బిళ్ళేసుకున్నాను. ఎల్లి ఆడుకో" అన్నాడు. నేను ఎగురుకుంటూ ఆటకి పోయాను. అంతే, ఆ చాప మళ్ళీ పరవలేదు.

కొన్నేళ్ళకి నాన్న కాళ్ళు పొంగాయి, మొహం ఉబ్బింది, అన్నం సయించలేదు. మా చుట్టుపక్కల అలా పోయిన వాళ్ళందరి దారినే ఆయనా పోయాడు. నీళ్ళ వల్ల అన్నారు, ఎండలో పని వల్ల అన్నారు, ఆ బిళ్ళల వల్ల అన్నవాళ్ళూ ఉన్నారు. ఎంతమంది పెద్ద డాక్టర్లు వచ్చి చూసినా నాకు తేల్చి చెప్పినవాళ్ళు లేరు, కనుక నేనూ దేని మీదా నేరం మోపను. కానీ ఆ చివరి ఏళ్ళలో ఆయనకి ఏ పక్క నొప్పో మాకెవరికీ తెలియలేదు. అడగడం మానేశాం. నొప్పి ఉంటే బిళ్ళ ఉంది కదా అనుకున్నాం.

ఇంత తెలిసిన నేను మాత్రం ఏం చేశాను? చేతిసంచీలో సుద్దముక్కల పక్కన బిళ్ళల అట్ట పెట్టుకుని బడికి పోయాను, అందరిలాగే.

డాక్టరమ్మని చూసొచ్చిన మూడోనాటి సాయంత్రం నడుం పట్టేసింది. మంచం మీద నుంచి లేవలేను, పక్కకి తిరగలేను. మిగిలిన బిళ్ళల అట్ట అలమరలోనే ఉంది, పారేయడానికి మనసొప్పలేదు. ఒక్కటి, ఈ ఒక్కసారికే, అని మా ఆయన్ని పిలిచి తెమ్మన్నాను. ఆయన ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, ఎవరేం అడిగినా కాదనలేడు. అలమర దాకా వెళ్ళాడు, అట్ట తీశాడు, దాని వైపూ నా వైపూ చూశాడు. "ఇయ్యనే. కోప్పడతావా, కోప్పడు" అన్నాడు. నిజంగానే కోప్పడ్డాను, నోటికి ఎంతమాట వస్తే అంతమాట అన్నాను. ఆయన వంటింట్లోకి పోయి, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కాస్త మూకుట్లో మాడబెట్టి, తన తువ్వాల్లోనే మూట కట్టుకొచ్చాడు. ముందు తన చేతి మీద ఆనించి చూసుకోబోయి చెయ్యి కాల్చుకున్నాడు.

"ఎక్కడే? సెప్పు" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన అడగడం అదే మొదలు, అడిగే అవసరం నేనెప్పుడూ రానివ్వలేదు మరి. కాస్త కిందకి, ఎడం పక్కకి, అంటూనే దిండులో మొహం దాచుకున్నాను. ఏటైందే, బాగా కాలిందా, అని ఆయన కంగారు.

నొప్పి తగ్గిందా అంటే, తగ్గలేదు. పొద్దున్న గోడ పట్టుకుని లేచాను, తోటలో నడిచాను, వచ్చి మళ్ళీ పడుకున్నాను. వచ్చే నెల మళ్ళీ రక్తం తీస్తారు, ఆ కాగితం మీద ఏముంటుందోనని నాకు భయంగానే ఉంది. వీధిలోకి చూస్తే సాయంత్రాలు ఏ అరుగు మీదా చాపలు లేవు, అసలు అరుగులే లేవు. ప్రతి ఇంట్లోనూ బిళ్ళల డబ్బా మాత్రం ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఒక ఇసుక మూట ఉంది, దీపాలు పెట్టే వేళకి దాన్ని పట్టుకొచ్చి ఎక్కడే అని అడిగే మనిషి ఉన్నాడు. ఆ మాట నాన్నని అడగడానికి ఇప్పుడు నాకు అరుగూ లేదు, నాన్నా లేడు.