కానాగంత పేజీలో మా బావ

పొద్దున మా కోడలు గుణదల బజారు నుంచి కానాగంతలు తెచ్చి, ఇంట్లో ఇంతటి చేపల పండితుణ్ణి పెట్టుకుని కూడా వాటి సంగతి ఫోన్‌ని అడిగింది. అందులో విజ్ఞానసర్వస్వం తెరిచి, “ఈ చేపల గుంపు పైకొస్తే ఎండలో కూడా సముద్రం మీద చినుకులు పడుతున్నట్టుంటుంది” అని చదివేసరికి నా చేతిలో కాఫీ అక్కడే ఆగిపోయింది. ఆ వాక్యం మా బావది.

మన వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టి (బడి కూడా అంతే భక్తిగా నాకు తిరుగు దండం పెట్టింది) బందరు వైపు అక్కావాళ్ళ ఊరి తీరంలో బావతో కలిసి వల లాగినవాణ్ణి నేను. ఎన్నో ఏళ్ళ తరవాత మా మేనల్లుడు ఆ తీరం చేపల మీద సొంతంగా ఓ వికీ, అంటే ఎవరైనా రాసి దిద్దగల వెబ్‌సైటు, పెట్టాడు. అందరం తలా కాస్త చెప్పాం. సగం బావే చెప్పాడు, మొదలుపెడితే ఆగే మనిషి కాదు. ఇంతలో ఆ సైటుకు చోటిచ్చిన కంపెనీ దుకాణం కట్టేస్తానంది. ఉన్నదంతా తమలో చేర్చుకుంటామని ఈ పెద్ద విజ్ఞానసర్వస్వం వాళ్ళు అన్నారు గానీ, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు అని రాసినవాళ్ళంతా ఒప్పుకోవాలన్నారు.

బావ ఒక్కడూ అడ్డం తిరిగాడు. ఆయన కాదంటే సగం చేపలు సైటుతో పాటే మునిగిపోతాయి.

“నా మాటలు ఎవడో అమ్ముకుంటా ఉంటే చూస్తా కూర్చోవాలా?”

“తాడు పట్టినోళ్ళకి కూర చేపలిచ్చేవోడివి గదా బావా. వండుకున్నారో అమ్ముకున్నారో ఏనాడన్నా అడిగావా?”

మా తీరంలో అదే రివాజు. దారిన పోయేవాడైనా సరే, ఒడ్డుకు లాగే వల తాడుకు చెయ్యి వేస్తే ఆ పూట కూరకు సరిపడా చేపలు అతనివి. బావ మీసం దువ్వుకున్నాడు.

“అడగలా. కానీ ఎవరి వలంటే నా పేరే చెప్పేవోళ్ళు.”

“ఇక్కడా చెప్పి తీరాలంట. పైగా నీది మార్చి రాసినోడు, తన రాతనీ ఇట్టాగే అందరికీ వదలాలంట.”

“అంటే వాడి కూర నేనూ తినొచ్చు.”

“అక్క తిననిస్తే.”

వంటింట్లోంచి అక్క నవ్వింది. బావ ఒప్పుకున్నాడు.

ఇప్పుడా తీరంలో అన్నీ మోటారు పడవలే. లాగే తాడూ లేదు, ఆగి పట్టేవాడూ లేడు. కోడలి ఫోన్ లాక్కుని చూస్తే, బావ వాక్యం కిందే ఆ చేపను తమ వైపు ఏమంటారో ఎవరో కొత్తగా చేర్చి ఉన్నారు. వెంటనే బావకు ఫోన్ చేసి చెప్పాను.

“ఎవురంట?”

“తెలీదు బావా.”



“తాడైతే పట్టాడు గదరా. కూర చేపలు ఎక్కడికని పంపేది?”