నాయనమ్మ ఆపి అడిగిన సీను

మా చిన్నప్పుడు... కంకిపాడులో మా ఇంటి వరండాలో నాయనమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని మినుముల్లో రాళ్ళు ఏరుతోంది. నేనింకా చెప్పులైనా విప్పలేదు.

"కాళ్ళు కడుక్కునొచ్చి మొదలెట్టవే. పేర్లు పడ్డ కాణ్ణుంచీ చెప్పాలి" అంది.

అప్పుడే నేనూ నాన్నా విజయవాడలో మ్యాట్నీ చూసి సిటీ బస్సు దిగి వచ్చాం. కోట్లు కుమ్మరించి తీశారని పేపర్లన్నీ ఊదరగొట్టిన ఇంగ్లీషు సినిమా. తెలుగు మాటలు పెట్టి గాంధీనగర్‌లో ఆడిస్తున్నారు. ఎప్పటిదో గ్రీకు దేశపు యుద్ధం కథ... ఆ సైనికులు మన పౌరాణికాల్లోలా "ఓరీ దుర్మార్గుడా" అంటుంటే హాలంతా ఒకటే నవ్వులు.

మా నాయనమ్మ సినిమా హాల్లో అడుగుపెట్టనని ఎప్పుడో ప్రార్థన కూటంలో మాటిచ్చేసింది. కథ వినకూడదని మాత్రం ఆ మాటలో లేదట! అందుకని ఇంట్లో ఎవరు సినిమాకు వెళ్ళినా, వచ్చాక ఆవిడకు మొత్తం చెప్పాల్సిందే. పదేళ్ళదాన్నే అయినా ఆ డ్యూటీ నాదే. నేనైతే ఫైట్లు కూడా చేసి చూపించేదాన్ని మరి.

మొదలెట్టాను. ఒక రాజు భార్యను ఇంకో ఊరి చిన్న రాకుమారుడు తీసుకుపోవడం... ఆమె కోసం వెయ్యి ఓడలు బయల్దేరడం...

"వెయ్యా? మన బందరు రేవులో కూడా పట్టవే అన్ని! అయినా పెళ్ళైన పిల్లని ఇంటికి తీసుకొస్తుంటే పెద్దాళ్ళు గుడ్లప్పగించి చూస్తా కూర్చున్నారా?" అంది.

ఆ చిన్నవాడి అన్న మాత్రం నాయనమ్మకు తెగ నచ్చేశాడు. తమ్ముడు చేసిన తప్పుకు తను కత్తి పట్టాడు పాపం. ఇంట్లో పసిబిడ్డ కూడానూ. అతను యుద్ధంలో చనిపోయేదాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాను... అక్కడ ఆగిపోయాను.

ఎందుకంటే సినిమాలో ఆ తర్వాత, చంపినవాడు అతని శవాన్ని రథానికి కట్టి ఈడ్చుకుపోతాడు. అప్పుడు ముసలి తండ్రి ఒక్కడే శత్రువు గుడారానికి వెళ్ళి, కొడుకును చంపిన ఆ చేతులే పట్టుకుని "నా బిడ్డను నాకిచ్చెయ్" అని బతిమాలుకుంటాడు. ఆ సీను నడుస్తుండగా నా పక్క సీట్లోంచి నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకో నాకు అర్థమైంది.

నాన్నకో అన్న ఉండేవాడు. యోహాను పెదనాన్న. ఇరవై ఏళ్ళ వయసులో దివిసీమ వైపు కూలిపనికి వెళ్ళి, ఉప్పెనలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. తాతయ్య పది రోజులు ఆ బురదలో వెతికి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. నాయనమ్మ ముందు ఆ పేరు ఎత్తకూడదని మా ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

నవంబరులో సమాధుల పండుగ వస్తే మావాళ్ళంతా వెళ్ళి, తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా... నాయనమ్మ మాత్రం గడప దాటేది కాదు. తాతయ్య పోయాక, ఆయన సమాధికి కూడా నాన్నే సున్నం వేసొచ్చేవాడు.

అందుకే నేను ఆ సీను ఎగ్గొట్టేసి చెక్క గుర్రం దగ్గరికి దూకేశాను. మన చర్చి గంట గోపురమంత గుర్రం! దాని పొట్టలో సైనికులు దాక్కుని...

నాయనమ్మ చెయ్యి మినుముల్లోనే ఆగిపోయింది.

"ఉండవే. ఆ పెద్దబ్బాయినేం చేశారు?"

"చచ్చిపోయాడు కదా నాయనమ్మా..."

"అది విన్నాలే. తర్వాత? అట్టా మట్లోనే వదిలేశారా? కన్నోళ్ళెవరూ రాలేదా?"

గుమ్మంలో నిలబడ్డ నాన్న వైపు చూశాను. తల దించుకున్నాడు. ఇక తప్పక చెప్పేశాను... ముసలి రాజు వెళ్ళడం, అడగడం, ఆ చంపినవాడు కూడా ఏడ్చి శవాన్ని ఇచ్చేయడం, అంత్యక్రియలయ్యేదాకా యుద్ధం ఆపడం... అన్నీ.

నాయనమ్మ ఏడవలేదు. చాట పక్కన పెట్టి, "ఆ ముసలాయన అదృష్టవంతుడే" అంది. "అడగటానికి ఒక మనిషున్నాడు. మీ తాత ఎవర్ని అడుగుతాడు... సముద్రాన్నా?"

నాకు భయమేసింది. ఏదో పెద్ద తప్పు చేసేశానని ఏడుపొచ్చేసింది కూడా. నాన్న వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. గుర్రం కథ ఆ పూటకి అక్కడే ఆగిపోయింది. వాళ్ళిద్దరూ నా ముందు పెదనాన్న గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. పీతల కూరంటే ప్రాణమట... ఈల వేస్తే పక్క బజారుకు వినపడేదట...

ఆ ఏడు సమాధుల పండుగకు ముందే, తాతయ్య సమాధి పక్కన నాయనమ్మ చిన్న సిమెంటు దిమ్మ కట్టించింది. దాని మీద పేరు రాయించింది. "లోపల ఎవరూ లేకుండా సమాధేంటండీ?" అని మేస్త్రీ అడిగితే, "వాడి చొక్కా ఉందయ్యా. ఇరవై ఏడేళ్ళు నా పెట్టెలో దాచా. ఇక చాల్లే" అంది. పండుగ రోజు పొద్దున్నే సున్నం బకెట్టు ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకెళ్ళింది.

ఇప్పుడు మళ్ళీ గ్రీకు వీరుల మీద వందల కోట్లతో సినిమా అంటూ ఫోన్ నిండా ఒకటే గోల. మొన్న ఆఫీసులో ఆ కథ ఎత్తబోతే, "మేడమ్, ప్లీజ్, స్పాయిలర్లొద్దు!" అని చెవులు మూసుకున్నారు కుర్రాళ్ళు. వేల ఏళ్ళనాటి కథకి స్పాయిలరేంటో నాకైతే అర్థం కాలేదు. వాళ్ళ తప్పు కూడా కాదులెండి... ఎవరి టికెట్టు వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది.

మనం సినిమా నుంచి ఎప్పుడొస్తామా అని ఎదురుచూసేవాళ్ళు ఇప్పుడు లేరు. మనం దాటేసిన చోట పట్టుకుని, "తర్వాత ఏమైంది?" అని అడిగేవాళ్ళు అసలే లేరు.

మీచేత సినిమా కథలు చెప్పించుకున్నది ఎవరండీ? ఎక్కడ ఆపి అడిగారో గుర్తుందా...