కుప్పం సర్వర్ పాత అడ్రసు

ఆ డెయిరీ పెద్దసారు మాట ఈరోజు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నా కూతురు మదనపల్లెలో మా ఇంట్లోనే కూర్చుని ఒక పాల డెయిరీకి కంప్యూటర్ పని చేస్తుంది. పుంగనూరులో వాళ్లకొక సర్వర్, కుప్పంలో ఒకటి. రెండూ నా బిడ్డ రాసిన జావా ప్రోగ్రాంతో మాట్లాడుకుంటాయి. కుప్పంలో పాలు పరీక్షించిన వివరం పుంగనూరుకు చేరితేగానీ ట్యాంకర్ కదలదు. మేమంతా కూలికి పోయినవాళ్లం. నెల జీతమన్నది మా ఇంట్లో చూసింది ఆ పిల్లే. ఆ ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో తేలే వారమది.

ఆ శుక్రవారం పొద్దున రెండు సర్వర్ల మధ్యా మాట ఆగిపోయింది. పెద్దసారు డెయిరీ వాళ్లందరినీ ఒకే ఫోన్ కాల్‌లో కూర్చోబెట్టి తిట్లు అందుకున్నాడు.

"కుప్పం మిషన్ పిలిస్తే పలకతాండాది గదమ్మా. లైను బాగుండాది. తప్పు నీ ప్రోగ్రాంలోనే ఉండాది."

"పలకతాది సార్. పని చెప్తే మాత్రం చేయడంలేదు."

"దోసెలు పోసుకుంటా చేసే పని కాదమ్మా ఇది. సాయంత్రానికి సరిగాకుంటే సోమవారం వేరే మనిషిని చూసుకుంటాం."

నేను వంటింట్లోంచి వచ్చాను. "ఆ ఫోను ఇట్లియ్యి. ఏమిటికట్లా మాట్లాడతాడో అడగతా."

"నువ్వుండుమా," అంది. కళ్లల్లో నీళ్లున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం దాకా ప్రోగ్రాంలో వెతికింది. తప్పు దొరకలేదు. చివరికి కుప్పం డెయిరీలో మిషన్లు చూసుకునే అతనికి ఫోన్ చేసింది.

"అన్నా, ఆ సర్వర్‌ను ఏమన్నా కదిలించినారా?"

"నిన్న కొత్త రూముకు మార్చినాం గదమ్మా. నెట్‌వర్క్ అడ్రసు గూడా మారింది. పుంగనూరోళ్లకు చెప్పినాం. పెద్దసారే మార్చమన్నాడు. నీకు చెప్పలేదా?"

ఫోన్ పెట్టి నావైపు తిరిగింది. "పుంగనూరుది కొత్త అడ్రసుకే పోయి పిలస్తాదిమా. కుప్పంది పలికి, పనికి ఫలానా చోటికి రా అంటాది. అది చెప్పేది పాత అడ్రసు. ఆడ ఎవురుండారు? దానికి దాని కొత్త అడ్రసు ఎవురూ చెప్పలేదు."

చెప్పకపోవడం ఆయన పని, తిట్లు తినడం నా బిడ్డ పని.

కుప్పం సర్వర్‌లో ఆ అడ్రసు దిద్ది, మళ్లీ నడిపించింది. వివరాలు పుంగనూరు చేరాయి. సాయంత్రం అందరూ ఫోన్లో ఉండగా సారు, "ఏదో లైన్ ప్రాబ్లం, మనోళ్లు సరిజేసినారు," అని దాటేయబోయాడు.

"సార్," అంది నా కూతురు, "పొద్దున తప్పు నాదని అందరి ముందరే అంటిరి. కాదని గూడా అందరి ముందరే చెప్పండి."



"అడ్రసు మార్చింది ఆయమ్మకు చెప్పలేదు. నేనే చెప్పల్సింది," అని సారు నసిగాడు. "సోమవారం నుంచి నువ్వే చూసుకోమ్మా. ఖాయం చేస్తాండాం."

బిడ్డ చాలనుకుంది. నాకు చాలలేదు. ఇప్పటికీ ఆయన గొంతు ఫోన్లో వినబడితే పొయ్యి మీద గిన్నె గట్టిగానే పెడతాను, ఆయనకు వినబడితే వినబడనీ అని.